మణికట్టుకు మూడు వేళ్ళ ఎగువన

మా ఇంట్లో కొన్నాళ్ళపాటు మనుషులకు అవయవాలు లేవు, స్విచ్చులుండేవి. బొటనవేలి కొస తలనొప్పికి, మడమ నడుముకు, చెవి తమ్మె కోపానికి. మా ఆవిడ మదనపల్లె టమాటా మార్కెట్టు దగ్గర ఒక మిద్దె మీద అక్యుప్రెజర్ నేర్చుకుంటుండిన కాలం అది. కింద హమాలీలు ట్రేలు ఎత్తి దించి నడుములు విరగ్గొట్టుకుంటుంటే, పైన ఒక పెద్దమనిషి నడుం నొప్పికి ఎక్కడ నొక్కాలో ఆడవాళ్ళకు బోర్డు మీద బొమ్మ గీసి చూపించేవాడు. ఆయన మెట్లు దిగి ఒక్క హమాలీనైనా నొక్కినట్టు నాకు సమాచారం లేదు.

బాటనీలో ఎమ్మెస్సీ చేసి డ్రిప్పు పైపులు అమ్ముకుంటున్నవాణ్ణి కాబట్టి, సైన్సు తరఫున మాట్లాడే హక్కు నాకుందనుకునేవాణ్ణి. ఆ హక్కును వాడుకునే అవకాశం మాత్రం ఇంట్లో పెద్దగా దొరికేది కాదు. తలనొప్పి వచ్చినా చెప్పడం మానేశాను. చెబితే వేలు నొక్కేది. తలనొప్పి అలాగే ఉండేది గానీ, వేలినొప్పి ముందు దాన్ని పట్టించుకునే తీరిక ఉండేది కాదు. దీన్నే ఆమె తగ్గడం అనేది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, మా అత్తకు మళ్ళీ ఆపరేషన్ అనేంతవరకు.

మా అత్తామామలది పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో కొంచెం లోపలికి ఉండే పల్లె. నాలుగు ఆవులు, కాస్త మెట్టచేను. వాన పడితే చేను ఆవుల్ని మేపుతుంది, పడకపోతే ఆవులే అందరినీ మేపుతాయి. కొన్నేళ్ళ కిందట మా అత్తకు మదనపల్లెలో గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. మత్తు దిగాక వాంతులు పట్టుకున్నాయి. పగలూ రాత్రీ తేడా లేకుండా కక్కింది. ఆపడానికని ఒక సూది వేస్తే అది ఆమెకు పడక దవడ బిగుసుకుపోయింది. దవడ బిగిస్తే వాంతి ఆగుతుందేమోనన్న ఆశ కూడా మిగల్లేదు. అంత ఊపుకు లోపల కుట్లు ఎక్కడో సడలాయి. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు పొట్ట మీద ఉబ్బు మొదలైంది.

డాక్టర్లు దాన్ని హెర్నియా అన్నారు. మా అత్త 'ఇది' అనేది. 'ఇది'ని తుండుగుడ్డతో బిగించి కట్టుకుని, గడ్డిమోపులు ఎత్తుతూ, పాలక్యాన్లు మోస్తూ చాలా కాలం నెట్టుకొచ్చింది. 'ఇది' కూడా తన పని తాను చేసుకుంటూ పెరిగింది. చివరికి కుప్పంలో ఒక డాక్టరు చూసి, పేగు అందులో చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుందని, లోపల వల పెట్టి కుట్టాలని చెప్పాడు. పోయినసారిలాగా వాంతులైతే మాత్రం ఈ కుట్లు కూడా పాత కుట్ల దారే పడతాయని, అప్పుడు తానేమీ చెయ్యలేనని కూడా చెప్పాడు. డాక్టర్లు చేతులెత్తేసే మాటను ముందే చెప్పిపెట్టుకోవడంలో గొప్ప జాగ్రత్త ఉంటుంది.

మా అత్తకు కత్తి అంటే భయం లేదు. "కోస్తే కోయనీ. కక్కేది మాత్రం నా వల్ల గాదు" అంది. అంటే అసలు ఆపరేషన్ జరగాలా వద్దా, జరిగితే నిలబడుతుందా లేదా అన్నది మొత్తం ఒక్క వాంతి మీదికొచ్చి నిలబడింది. సరిగ్గా అక్కడే మా ఆవిడ రంగప్రవేశం చేసింది. వాంతికి ఒక పాయింటు ఉందట. మణికట్టు గీత దగ్గర నుంచి మోచేతి వైపుగా పేషెంటు వేళ్ళే మూడు అడ్డంగా ఆనించి, ఆ మూడో వేలి పక్కన, రెండు నరాల నడుమ ఉండే పల్లంలో బొటనవేలితో నొక్కాలట. "నేను పక్కనే కూర్చుని నొక్కుతా గదమ్మా" అని మాటిచ్చింది. కూతురు నొక్కుతానంటే తల్లి సరేనంది. అల్లుడు సైన్సు ప్రకారం చెప్పిన మాటలకు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ సరేనన్న దాఖలాలు లేవు.

మత్తు డాక్టరును కలిసినప్పుడు ఈ సంగతి నేనే ఎత్తాను, ఆమె నవ్వుతుందని. తమిళం కలిసిన తెలుగు మాట్లాడే చిన్నావిడ. నవ్వలేదు. పడని సూది సంగతి రాసుకుంది, ఈసారి వేరేది ఇస్తామంది. నొక్కితే కొందరికి వికారం తగ్గడం ఉందని, మందుకు బదులుగా కాకుండా మందుతో పాటు చేసుకోమని, ఆపరేషన్‌కు ముందొకసారి, తెలివొచ్చాక కాసేపటికొకసారి నొక్కమని చెప్పింది. సైన్సు నాకు చేసిన ద్రోహాల్లో ఇదొకటి. మా ఆవిడ ఆ రోజంతా నాతో చాలా మర్యాదగా మాట్లాడింది. అది ఇంకా కష్టం.

నొక్కే మనిషి లేనప్పుడు పనికొస్తుందని మిద్దె మీది పెద్దమనిషి దగ్గర ఒక పట్టీ కూడా కొన్నది. సాగే నీలం పట్టీ, లోపలివైపు అదే రంగు గుండ్రటి పూస. మణికట్టుకు తొడిగితే పూస పాయింటు మీద ఒత్తుతుంది. అలవాటు పడడానికి ముందుగానే ఇచ్చి రమ్మని నన్ను పంపింది. నేను మా మామకు ఇచ్చి వివరంగా చెప్పాను. మా మామ వంటింటి తలుపు వైపు తిరిగి చెప్పాడు. తలుపు వెనక నుంచి మా అత్త ఊఁ అంది.

ఇక్కడ ఆ తలుపు గురించి చెప్పాలి. మా వైపు పాతకాలం ఇళ్ళలో అత్త అల్లుడి ఎదట పడదు. కూర్చోదు, ముఖాముఖి మాట్లాడదు. నేను గడపలో కాలు పెడితే మా అత్త వంటింట్లోకి మాయమవుతుంది. "కాళ్ళు కడుక్కోమను", "ఇంకో ముద్ద పెట్టుకోమను" అని గోడకో, ఆవుకో, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకో చెబుతుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో నేను ఆమె ముఖాన్ని నిండుగా చూసింది ఆధార్ కార్డులోనే. అందులో కూడా కొంచెం పక్కకు తిరిగే ఉంది.

పట్టీ సంగతికొస్తే, తలుపు వెనక దానికి వేరే ఉద్యోగం దొరికింది. అప్పుడే వాళ్ళ పొట్టి పుంగనూరు ఆవు ఈనింది. మేకపిల్లంత దూడ. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫొటోలు దిగడానికి బెంగుళూరు నుంచి కార్లలో వస్తుండిరి. ఇంతమంది కళ్ళు పడుతున్న దూడను వట్టి మెడతో వదిలేసి, నీలం పూసను ముసలిదాని చేతికి కట్టుకోవడం మా అత్తకు న్యాయం అనిపించలేదు. దూడ ముందరి కాలికి తొడిగింది. గిట్టకు సుమారు మూడు వేళ్ళ ఎగువనే. దూడ దాన్ని రెండు రోజులు భరించి మూడో రోజు నమిలి మింగింది. మా ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి, ఆ దూడ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు.

ఆపరేషన్ రోజున పొద్దున్నే కారులో బయల్దేరాం. పరీక్షలన్నీ ముందే అయిపోయాయి, ఖాళీ కడుపుతో వస్తే మధ్యాహ్నం చేసేస్తామన్నారు. మా మామ ముందు సీట్లో, తల్లీకూతుళ్ళు వెనక. పలమనేరులో టీ కోసం ఆపితే మా అత్తకు కూతురి ఆకలి గుర్తొచ్చింది. తను ఎట్లాగూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు, బిడ్డన్నా తినాలి కదా అని ఆమె వాదన. మా ఆవిడ వద్దంటూనే ఒక ప్లేటు మైసూరు బజ్జీ తింది. తల్లి చూపు తృప్తిపడేదాకా ఇంకొకటి కూడా తింది. ఆ బజ్జీ ఏనాటిదో ఆ హోటలాయనకు తెలిసుండాలి.

బైరెడ్డిపల్లె దాటగానే కారు ఆపమంది. రోడ్డు పక్కన వంగి, ఎడమచేతి మణికట్టును కుడిచేత్తో శాస్త్రోక్తంగా నొక్కుకుంటూ, బజ్జీలను తిరిగి అప్పగించింది. మా మామ మర్యాదగా మామిడితోపును పరిశీలిస్తూ ఉండిపోయాడు. నేను నీళ్ళసీసా పట్టుకుని నిలబడ్డాను. జీవితంలో నేను ఏమీ అనకుండా ఉన్న సందర్భాల్లో అది ఉత్తమమైనది.

మా అత్త మాత్రం కారు అద్దం దించి అడిగింది. "నీది నువ్వు నొక్కుకుంటేనే ఆగలేదే. నాది యెట్లాగుతాదే?"

"ఇది బజ్జీది మా" అంది మా ఆవిడ నోరు తుడుచుకుంటూ. "దీనికి పాయింటు వేరే."

కుప్పం చేరేలోపు ఇంకో రెండు చోట్ల ఆగాం. ఆస్పత్రిలో తల్లి గాజులు తీయించి, పసుపు దారం పాయింటుకు తగలకుండా పైకి జరిపి కట్టి, థియేటరులోకి తీసుకుపోయేదాకా నొక్కింది. పేషెంటు ఎవరని తోపుడు మంచం తెచ్చినతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తల్లి లోపలికి పోయిన కాసేపటికి కూతురు వరండాలో కూలబడింది. ఆమెను క్యాజువాల్టీలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. ఆ విధంగా, వాంతి ఆపే విద్య తెలిసిన ఏకైక మనిషి వాంతులతో మంచం పట్టింది.

మధ్యాహ్నం దాటాక మా అత్తను గదిలోకి తెచ్చి పడుకోబెట్టారు. ఆపరేషన్ బాగానే అయ్యిందన్నారు. పోయినసారీ ఇదే మాట అన్నారు కాబట్టి మేము పెద్దగా పొంగిపోలేదు. నర్సు వాంతి ఆపే కొత్త సూది వేసి, మంచం మీద చిప్పలాంటి ట్రే ఒకటి పెట్టి, దగ్గు గానీ వాంతి గానీ వస్తే కుట్ల మీద చేత్తో అదిమి పట్టుకోమంది. ఆమెను లేవనివ్వొద్దంది. మత్తు డాక్టరు చెప్పిందంటూ మణికట్టు దగ్గర ఎక్కడ నొక్కాలో చూపించి, వేరే గదికి వెళ్ళిపోయింది. గదిలో మిగిలింది నేనూ, మా మామా.

"నువ్వు నొక్కప్పా. సదువుకున్నోడివి" అన్నాడు మా మామ.

"నేనెట్లా మామా. ఆమె అత్త గదా."

"ఆస్పత్రిలో అత్తేంది, అల్లుడేంది. ఈడ అందరూ పేషెంట్లే."

"అట్లయితే నువ్వే నొక్కు."

"నేనా?" అన్నాడు, నేనేదో బూతు మాట్లాడినట్టు చూసి. "నువ్వుండంగానా?"

మా మామ సిగ్గరి కాదు. ఈనలేక తన్నుకులాడే ఆవు కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి దూడను లాగడం ఊరంతా చూసింది. పంచాయితీలో లేచి నాలుగు మాటలు మాట్లాడతాడు. కానీ పెళ్ళాం చెయ్యి పట్టుకోవడం వేరు. అది ఆయన జీవితంలో పదిమంది ఎదట ఒక్కసారే జరిగింది, అది కూడా పురోహితుడి ఒత్తిడి మీద. ఆ తర్వాత బిడ్డలు పుట్టారంటే అదంతా ఎవరూ చూడని వ్యవహారం. మా వైపు సంసారాల గొప్పతనమే అది. నలభై ఏళ్ళు కలిసి బతుకుతారు, ఒకరికొకరు తెలిసినట్టు మూడో మనిషికి ఆధారం మాత్రం దొరకనివ్వరు.

ఇలా మేము ఒకరికొకరం గౌరవం ఇచ్చుకుంటుండగా మా అత్తకు తెలివి రావడం మొదలైంది. ముఖం చిట్లించింది. గొంతులో ఏదో కదిలింది. నోట్లో నీళ్ళూరుతున్నట్టు పెదాలు మూసి తెరిచింది. పోయినసారి కూడా ఇలాగే మొదలైందని మా మామ ముఖం చూస్తే తెలిసిపోయింది. ట్రే చేతిలోకి తీసుకున్నాడు. ఇక మర్యాదలు చాలించి నేను ఒక అడుగు ముందుకు వేశాను.

అప్పుడు ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది.

మత్తులో మనిషికి తన పేరు గుర్తుంటుందో లేదో గానీ, అల్లుడు గుర్తుంటాడు. అల్లుడు నిలబడి ఉన్నాడు, తను పడుకుని ఉంది. మా అత్త చెయ్యి తల మీద కొంగు కోసం వెతికింది. వాళ్ళు తొడిగిన ఆకుపచ్చ గౌనుకు కొంగు ఉండదు. దొరకకపోయేసరికి దుప్పటి అంచు పట్టుకుని లాగి, మోచేయి ఆనించి, లేవడానికి మొత్తం ఒళ్ళు బిగబట్టింది. ఏ కుట్లను కాపాడడానికి ఇంత తతంగం నడుపుతున్నామో, ఆ కుట్ల మీదే.

"పండుకోయే" అన్నాడు మా మామ. ఆమె వినలేదు. "వాళ్ళను కూసోమను" అని గొణిగింది, ముఖం గోడకు తిప్పుకుని. మళ్ళీ లేవబోయింది. వెంటనే ఒక డోకు వచ్చింది, వట్టిదే, కానీ మంచం కదిలేంత గట్టిది.

వాంతికి మందులున్నాయి, పాయింట్లున్నాయి. అల్లుడికి ఏ పాయింటూ లేదు. ఆ గదిలో ఆమె ప్రాణానికి మత్తుమందు కంటే నేనే ఎక్కువ ప్రమాదమని అర్థం చేసుకోవడానికి ఎమ్మెస్సీ అవసరం లేకపోయింది. "మామా, నేను బయటుంటా" అని తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

తలుపుకు చిన్న అద్దం ఉంది. చూడకూడదనుకున్నాను, చూశాను. మా మామ కాసేపు ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కిటికీ వైపు చూశాడు, గోడ క్యాలెండర్ వైపు చూశాడు. తర్వాత భుజం మీది తుండుగుడ్డ తీసి దులిపి, ఆమె చేతి మీద మణికట్టు నుంచి మోచేయి దాకా పరిచాడు. స్టూలు లాక్కుని కూర్చుని, తన చెయ్యి దాని కిందికి పోనిచ్చాడు.

ఆ పద్ధతి నాకు తెలుసు. ఆవుల సంతలో బేరం అలాగే జరుగుతుంది. దళారీ, కొనేవాడు చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పైన ముఖాలు మాత్రం వానల గురించి ఆలోచిస్తున్నట్టు ఎటో చూస్తుంటాయి. చుట్టూ వందమంది నిలబడినా గుడ్డ కింద ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. మా మామకు ఒక మనిషి చెయ్యి గౌరవంగా పట్టుకోవడానికి తెలిసిన దారి ప్రపంచంలో అదొక్కటే. పరాయి మగవాళ్ళ చేతులు జీవితమంతా అట్లా పట్టుకున్నాడు. ఇంటామెకు ఇదే మొదలు.

ఆయన క్యాలెండర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. తుండుగుడ్డ మాత్రం ఒకచోట కొద్దిగా కదులుతోంది. మూడు వేళ్ళు సరిగ్గా కొలిచాడో, ఎక్కడ నొక్కుతున్నాడో పైనున్నవాడికే తెలియాలి. మా అత్త భుజాలు ఒక్కసారి పైకి లేచాయి. మా మామ రెండో చేత్తో దుప్పటి మీద నుంచే కుట్లు అదిమి పట్టాడు. తుండుగుడ్డ బిగిసింది. భుజాలు అలాగే కాసేపు ఆగి, మెల్లగా కిందికి దిగాయి. ట్రేలో ఏమీ పడలేదు. అప్పుడు చూసుకుంటే నా బొటనవేలు నా మణికట్టు మీదే గట్టిగా నొక్కుకుని ఉంది. వరండాలో ఎవరూ లేరు కాబట్టి అది జరగలేదనే నా అభిప్రాయం.

ఇంకోసారి కూడా భుజాలు లేచి దిగాయి. తర్వాత లేవలేదు. సాయంత్రానికి మా ఆవిడ, చేతికి సూది పట్టీతోనే, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. నేను ఆపేలోపు తలుపు తోసింది. తుండుగుడ్డ మాయమై భుజం మీదికి వెళ్ళిన వేగం చూస్తే, అది ఎప్పుడూ అక్కడే ఉందేమో అనిపించింది. మా అత్త నిద్రపోతోంది. ట్రే పొడిగా ఉంది.

"వాంతి చేసుకోలేదా?" అంది నమ్మలేక. "ఎవరు నొక్కినారు నాయనా?"

"నర్సమ్మ" అన్నాడు మా మామ. "ఈడే కూసోని నొక్కింది పాపం. ఇప్పుడే పాయె."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను క్యాలెండర్ వైపు చూశాను. అందులో చూడదగ్గది ఏమీ లేదని అప్పుడే తెలిసింది.

మరుసటి రోజు డాక్టరు వచ్చి కుట్లు చూశాడు. బిగువుగా ఉన్నాయి, వల కదల్లేదు, వాంతి గండం గడిచినట్టే, ఇక కొన్నాళ్ళు బరువులెత్తకుండా ఉంటే 'ఇది' మళ్ళీ రాదన్నాడు. కొత్త సూది బాగా పనిచేసిందని మత్తు డాక్టరు సంతోషించింది. పాయింటు బాగా పనిచేసిందని మా ఆవిడ సంతోషించింది. మిద్దె మీది పెద్దమనిషికి ఫోన్ చేసి చెబితే ఆయన తన వల్లేనని సంతోషించాడు. ఊర్నుంచి బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని టెంపోలో దిగిన బంధువులందరికీ మా మామ నర్సమ్మ మంచితనం వర్ణించి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆమె ఇంకాస్త సేపు కూర్చుని నొక్కింది. డ్యూటీ మారిపోయి ఆ నర్సు రాకపోవడం ఆమె అదృష్టం.

మా అత్త అంతా విన్నది. అప్పటికి సొంత చీర కట్టించారు, కొంగు నిండుగా తల మీదికొచ్చింది. నేను గుమ్మం బయటే ఉన్నాను. బంధువులు వెళ్ళిపోయాక, గోడ వైపు తిరిగి పడుకునే, కూతురితో అన్నట్టు, కానీ గది మొత్తానికి వినపడేట్టు అంది.

"ఆ నర్సమ్మకు ఇంటికాడ ఎన్ని ఆవులుండాయో కనుక్కోమ్మా. పాలు పిండి పిండి చెయ్యంతా కాయలు కాసిపోయుండాది పాపం."

మా ఆవిడ తండ్రి వైపు చూసింది. ఆయన తుండుగుడ్డతో ముఖం గట్టిగా తుడుచుకుని, కారులో నీళ్ళసీసా ఉందో లేదో చూసొస్తానని బయటికి వచ్చాడు. నా పక్క నుంచే పోయాడు, నా ముఖం చూడలేదు. కారు తాళాలు నా దగ్గరే ఉన్నాయి. అడగలేదు. నేనూ ఇవ్వలేదు.